32 పేజీల తిరుగుబాటు

ప్రత్యామ్నాయ సంగీత పత్రిక పెట్టదలచినవారు మొట్టమొదట తేల్చుకోవలసింది, మనం దేనికి ప్రత్యామ్నాయం అన్నది. తెలుగులో దీనికి తేలికైన జవాబు ఒకటుంది: సినిమా పాట కానిదల్లా ప్రత్యామ్నాయమే. తేలిక కాబట్టే దాన్ని ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే రాగిరేకులకెక్కిన అన్నమయ్య దగ్గర్నుంచి ఆకాశవాణి లలిత సంగీతం, ఒగ్గుకథ, బుర్రకథ, ఊరేగింపులో ఎత్తుకునే ఉద్యమ గీతం, ఆదివారం చర్చిలో పాడే కీర్తన దాకా అన్నీ మన పత్రికలోకే వచ్చి కూర్చుంటాయి. వాటి గురించి రాయాలంటే వాటిని వినాలి. కాబట్టి మొదటి సమావేశంలోనే వీటికి 'మన మూలాలు' అని గౌరవంగా పేరు పెట్టి గుమ్మం బయట కూర్చోబెట్టాలి. మూలాల మీద ప్రత్యేక సంచిక తెస్తామని మాటిస్తే సరిపోతుంది. ప్రత్యేక సంచికకు ఎవరూ తేదీ అడగరు.

అసలు ఇరకాటం యూట్యూబు జానపదంతో. తెలంగాణ పల్లెల్లో చిన్న చిన్న బృందాలు తామే రాసి, తామే పాడి, తామే తీసి విడుదల చేసుకుంటున్న పాటలకు కోట్లలో వ్యూస్ వస్తున్నాయి. వెనక సినిమా లేదు, పెద్ద ఆడియో కంపెనీ లేదు. ప్రత్యామ్నాయానికి పుస్తకాల్లో చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి. ఒక్కటే లోపం, జనం వింటున్నారు. అందుకని నిర్వచనంలో ఒక షరతు కలపాలి: వినేవాళ్ళు వాయించేవాళ్ళ స్నేహితుల కంటే ఎక్కువ ఉండరాదు. ఈ ఒక్క వాక్యానికి రెండు నెలలు పడుతుంది. తొందరపడకండి.

ఈలోగా పూర్వీకులను వెతుక్కోవాలి. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా టైపురైటరు, స్కెచ్ పెన్ను, జిరాక్సు యంత్రం పెట్టుబడిగా 'స్నిఫిన్ గ్లూ' అనే పంక్ పత్రిక మొదలుపెట్టి, మరుసటి ఏడాదే ఆపేశాడు. 1993లో అలహాబాదు నుంచి 'రాక్ స్ట్రీట్ జర్నల్' అనే రాక్ సంగీత పత్రిక వచ్చింది. 1952 నాటి బ్రిటిష్ సంగీత వారపత్రిక 'ఎన్ఎంఈ' అచ్చు 2018లో ఆగింది. వీరి నుంచి నేర్చుకోవలసింది జాగ్రత్తగా ఎంచుకోవాలి. పెర్రీ నుంచి వంకర అక్షరాలు, కొట్టివేతలు తీసుకోవాలి. కచేరీ వేడి చల్లారకముందే రాసిపడేసే అలవాటు మాత్రం తీసుకోకూడదు. అది మన ద్వైమాసిక షెడ్యూలుకు సరిపడదు.

పేరు సంగతి త్వరగా ముగిద్దాం. 1867 నాటి చట్టం పోయి, 2023లో చేసిన కొత్త పత్రికల రిజిస్ట్రేషను చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్లోనే. ఒకే భాషలో ఇప్పటికే ఉన్న పేరు, దాన్ని పోలిన పేరు ఇవ్వరు. నాదం, ధ్వని, గళం లాంటివి పెద్దలు ఏనాడో పట్టుకుపోయి ఉంటారని ముందే ఊహించి, మీరు పేరు మధ్యలో ఒక అక్షరం తలకిందులుగా పెట్టుకుంటారు. దరఖాస్తులో తలకిందుల అక్షరం టైపు చేసే వీలుండదు. అక్కడికి తిరుగుబాటు మొదటి అంకం పూర్తి.

ఇక ప్రెస్సుకు వెళ్దాం. పత్రిక నిజంగా తయారయ్యేది అక్కడ కాబట్టి సంపాదక వర్గం అక్కడికి ఆఖర్న వెళ్తుంది. 20×30 అంగుళాల డబుల్ క్రౌన్ షీటును మూడు మడతలు పెడితే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. దీన్నే ఒక ఫారం అంటారు. పేజీ కొలత 7.5×10, అంచులు కోశాక ఇంకాస్త తక్కువ. 32 పేజీలకు రెండు ఫారాలు. 500 కాపీలకు వెయ్యి షీట్లు, అంటే రెండు రీములు. రంగులు కుదిరేలోపు పాడయ్యే వాటికి ఇంకో 150 షీట్లు కలుపుకోండి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) 'మాప్లితో' రకం కాగితం రీము పదమూడున్నర కిలోలు తూగుతుంది. స్కూటీ మీద తేగలిగిన తిరుగుబాటు. ఇంకో మాట. ఆఫ్‌సెట్టు అచ్చులో షీటు ఒక్కో వైపుకూ రంగుకో ప్లేటు కావాలి. ఈ ప్లేట్లు, సెట్టింగు ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. వంద చాలనుకుంటే డిజిటల్ ప్రింటు తీయించుకోవాలి. కానీ 'పరిమిత ప్రతులు' అని గొప్పగా చెప్పుకుని ఆఫ్‌సెట్టుకు వెళ్ళడమే ఆనవాయితీ.

రంగు దగ్గర సంపాదకుడికీ ఫోర్‌మన్‌కీ జరిగే సంభాషణ చూడదగ్గది. పుస్తకాన్ని మధ్యలో పిన్ను కొడతారు కాబట్టి పై ఫారంలో 1 నుంచి 8, 25 నుంచి 32 పేజీలుంటాయి. లోపలి ఫారంలో 9 నుంచి 24. లోపలి షీటుకు ఒకవైపు 9, 12, 13, 16, 17, 20, 21, 24 పడతాయి, మిగతా ఎనిమిదీ రెండోవైపు. ఆ ఒక్కవైపే నాలుగు రంగులు వేస్తే మొత్తం ఏడు ప్లేట్లు చాలు. అన్ని పేజీలకూ రంగు కావాలంటే పదహారు ప్లేట్లు. "రంగు ఏ పేజీల్లో పెట్టుకుంటారు సార్?" అని ఫోర్‌మన్ ఈ ఎనిమిది అంకెలూ రాసిన చీటీ చేతిలో పెడతాడు. సంపాదకుడు చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని "11లో" అంటాడు. ఎందుకంటే బ్యాండు ఫోటో 10, 11 పేజీల మీద సాగదీసి ఉంది. ఆ రెండు పేజీలూ ఒకే షీటువే అయినా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండవు. మడతపెట్టి పిన్ను కొట్టాక గాయని ముక్కు సగం పదో పేజీలో, మిగతా సగం రెండు మిల్లీమీటర్లు దిగి పదకొండులో తేలుతుంది. సాగదీయాలంటే ఈ ఫారంలో 16-17 ఒక్కటే చోటు. అక్కడ పిన్ను డ్రమ్మరు చెంపలో దిగుతుంది. డ్రమ్మర్లకు ఇది అలవాటే.

నల్లటి పేజీ లేని ప్రత్యామ్నాయ పత్రిక ఉండదు. పేజీ అంతా నలుపు, దానిమీద తెల్లటి సన్నక్షరం. కంప్యూటరు తెర మీద అమావాస్య నాటి నక్షత్రాల్లా ఉంటుంది. మాప్లితో సిరాను పీల్చుకునే కాగితం. నలుపు ఇంకా నల్లగా రావాలని నాలుగు రంగులూ కలిపితే, నాలుగింటి సిరా శాతాలూ కూడితే 280 దాటిందంటే తడి ఆరక, దొంతరలో పైషీటు వెనక్కి అంటుకుంటుంది. ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగితే తెల్ల అక్షరాల్లోకి ఎరుపో నీలమో పాకుతుంది. ముందు పోయేవి చిన్న చిన్న చుక్కలు, గీతలు. 'కథ'లోని చుక్క పూడిపోయి 'కధ' అవుతుంది. ఇంకాస్త సిరా ఎక్కితే 'కద' అవుతుంది. ఎనిమిది పాయింట్ల సైజులో ఏర్చి కూర్చిన కథనం కాస్తా కదనం అయి ఊరుకుంటుంది. సబ్ ఎడిటరుకు ఒత్తులు రావని పాఠకులు ఉత్తరాలు రాస్తారు. మందు సులువే: ఒక్క నలుపు ప్లేటే వాడాలి, అక్షరం 12 పాయింట్లకు తగ్గకూడదు, బోల్డు ఉండాలి. కానీ చదవడానికి వీలైన నల్లపేజీ చూసి డిజైనరు బాధపడతాడు.

డిజైనరు గురించి వివరంగా చెప్పుకోవాలి. ఆయన పత్రిక నమూనా ఇంగ్లీషు కోసం తయారైన విదేశీ టెంప్లేటు నుంచి వస్తుంది. ఆ భాషలో అక్షరాలు బుద్ధిగా గీత మీద కూర్చుంటాయి. తెలుగు అక్షరం పైన ఒక సంసారం, కింద ఒక సంసారం పెట్టుకుని బతుకుతుంది. 11 పాయింట్ల అక్షరానికి వరుసకూ వరుసకూ 16 పాయింట్లన్నా ఎడం ఉండాలి. టెంప్లేటులో ఉన్నట్టు 9 పాయింట్ల అక్షరానికి 11 ఎడం ఇస్తే 'రాష్ట్రం' కింద వేలాడే రెండు వత్తులూ కింది వరుసలోని గుడి మీద కాళ్ళు పెడతాయి. ఇక కాలమ్ వెడల్పు. నాలుగు సెంటీమీటర్ల కాలమ్‌లో 'ప్రయోగవాదులందరికీ' అన్న ఒక్క మాటతో వరుస నిండుతుంది. రెండంచులూ సమానంగా లాగితే కింది వరుసలో రెండు చిన్న మాటలు, వాటి మధ్య ఆటో తిప్పుకునేంత సందు. పేజీకి రెండు కాలమ్‌లు, ఒక్కోటి ఏడు సెంటీమీటర్లు పెట్టి కుడి అంచు వదిలేస్తే కంటికి హాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు పోస్తే 'వరల్డ్ రెడీ కంపోజర్' అనే అమరిక ఎంచుకోవాలి, లేకపోతే వత్తులు ఊడి పక్కన నిలబడతాయి. ఊడిన వత్తులను చూసి "ఇదే మన లుక్కు" అన్న డిజైనరును ఏమీ చేయలేం. పత్రిక ఆయనదే.

1994లో అమెరికాలో 'రే గన్' సంగీత పత్రికకు డిజైనరైన డేవిడ్ కార్సన్, గాయకుడు బ్రయన్ ఫెర్రీ ఇంటర్వ్యూ విసుగ్గా ఉందని మొత్తం జాఫ్ డింగ్‌బాట్స్‌లో, అంటే చుక్కలూ పూలూ బాణాల గుర్తుల్లో, అచ్చు వేశాడు. డిజైన్ కాలేజీల్లో ఇప్పటికీ ఇది సాహసంగా చెప్పుకుంటారు. మన డీటీపీ ఆపరేటరు ఈ సాహసం పాపం రోజూ చేస్తాడు. 'అను' అనే తెలుగు ఫాంటులో కొట్టిన పేజ్‌మేకర్ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంటర్వ్యూ అంతా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, ఆశ్చర్యార్థకాలుగా మారుతుంది. ఆయన దాన్ని "ఫాంటు ఎగిరింది సార్" అంటాడు. కార్సన్‌కు దక్కిన పేరు ఈయనకు దక్కకపోవడానికి కారణం, పిలిచి చెప్పడమే. ఎగరకుండా ఉండాలంటే ప్రెస్సుకు ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వాలి, చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడుతో, అంటే కోతలో పోవడానికి అంచు దాటించిన భాగంతో.

ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి. మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకు కుదించుకుపోతుంది. అంగుళానికి 300 లెక్కన అది ఐదుంపావు అంగుళాలకు చాలుతుంది. పేజీ నిండా వేయడానికి కావలసింది 2250×3000, బ్లీడు వేరే. 'డాక్యుమెంటుగా పంపండి' అని మూడుసార్లు అడగాలి. స్టేజీ మీది ఊదా లైట్లు ఫోనులో మెరుస్తాయి, అచ్చులో వంకాయ కూరలా వస్తాయి. తెర మీది ఆ వెలుగు సిరాకు అందదు. మసకగా వస్తే "ఈ గరుకు (గ్రెయిన్) కావాలనే పెట్టాం" అని ఫోటో కింద ఒక వాక్యం వేసుకోవచ్చు.

ఇంత అయ్యాక విషయం. గంట ఇంటర్వ్యూను కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి దాన్ని కుదించడానికి ఎవరికీ మనసొప్పదు. సమీక్షలో పాఠకుడు చూసేవి ఐదు: పాట పేరు, ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఎంతసేపు, ఎక్కడ దొరుకుతుంది. ప్రత్యామ్నాయ సమీక్షలో ఇవేవీ ఉండవు. "ఈ గీతం నిశ్శబ్దాన్ని ప్రశ్నిస్తూనే ప్రశ్నను నిశ్శబ్దపరుస్తుంది" అని ఉంటుంది. రాసినాయన బేస్ గిటారిస్టు రూమ్మేటు. కింద వినడానికి క్యూఆర్ కోడు ఉంటుంది. తెల్లటి నేపథ్యం మీద నల్లగా, కనీసం రెండు సెంటీమీటర్లు ఉంటే ఫోను చదువుతుంది. అందానికని గులాబీ మీద వెండిరంగులో ఒక సెంటీమీటరు వేస్తారు. దాన్ని దీపం కింద పెట్టి, తిప్పి, మళ్ళీ తిప్పి చూసే పాఠకుడు ఆ క్షణంలో పత్రికతో గాఢంగా మమేకమవుతాడు.

ఆవిష్కరణ కూడా ఇప్పుడే అనుకోవాలి. 1965లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. మీ సమావేశంలోనూ ఈ ప్రస్తావన వస్తుంది, అందరూ కదిలిపోతారు, ఆపైన కేఫ్ వాడు ఆరుగంటలకే ఖాళీ అంటున్నాడని అక్కడికే ఖాయం చేస్తారు.

ఇప్పుడు డమ్మీ, అంటే పేజీల పంపకం, వేద్దాం. 32 పేజీలు. విషయసూచిక 1. సంపాదకీయం 2. ప్రణాళిక 4. 'ప్రత్యామ్నాయం అంటే ఏమిటి?' చర్చ 6. డిజైనరు స్వేచ్ఛ 4. ఇంటర్వ్యూ 6. మిత్రుల కవిత్వం 2. ప్రకటనలు 4. కృతజ్ఞతలు, అచ్చు వివరాలు కలిపి 1. మొత్తం 30. పాటల సమీక్షలకు నిక్షేపంగా రెండు పేజీలు మిగిలాయి. కంపోజింగు అయ్యేసరికి ఇంటర్వ్యూ ఏడో పేజీకి పాకింది. రెండో సమీక్ష పేజీలో 'వచ్చే సంచికలో: పాటల సమీక్షలు' అన్న ప్రకటన చేరింది.

ప్లేట్లు తీసే ముందురోజు సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థ వాళ్ళు, 24వ పేజీలో రంగు ప్రకటన ఇస్తామన్నవాళ్ళు, బ్యాచ్ నిండిందని చెప్పి తప్పుకున్నారు. సమీక్షలు వెనక్కి పిలుద్దామంటే ఫైలు ఎవరి దగ్గరా లేదు. అప్పుడే ఎవరికో జాన్ కేజ్ గుర్తొస్తాడు. 1952లో పియానో ముందు ఒక్క స్వరం మీటకుండా కూర్చునే నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్ల రచన చేసినాయన. 24వ పేజీ ఆయనకు నివాళి. ఖాళీగా.

ఫోర్‌మన్ ప్రూఫు తిరగేసి "24లో మ్యాటరు రాలేదు సార్" అంటాడు. అది మ్యాటరేనని, నిశ్శబ్దమని, వివరించి చెబుతారు. ఆయన విని తలూపుతాడు. ఆ పేజీ పడేది రంగువైపే, మిగతా ఏడు పేజీలూ అదే ప్లేట్ల మీద ఉన్నాయి, ఖాళీ అయినా రూపాయి తగ్గదంటాడు. నాలుగు రంగుల ఖర్చుతో నిశ్శబ్దం. సంపాదక వర్గం సరేనంటుంది.

"అలాగే కానీండి. మరి ఖాళీ పేజీకి కింద నంబరు వెయ్యమంటారా, వద్దా?"

ఆ సంగతి తేల్చడానికి ఆదివారం సమావేశం పెట్టారు.