టికెట్ రొట్టె

ముప్పై ఏళ్లుగా జెండాలు మోస్తున్న మనిషిని. మూడు పార్టీల కండువాలు ఉతికి, మడతపెట్టి బీరువాలో దాచుకున్నాను. ఏ పొద్దు ఏది కావాల్సి వస్తుందో ఎవరికి తెలుసు? ఆ అనుభవంతో, నెల్లూరు రాజకీయాల మేలు కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా డివిజన్‌లో ఒక కుర్రాడున్నాడు. కాలువ పూడిక నుంచి ముసలమ్మ పింఛన్ దాకా ఎవరికి ఏ పని పడినా అర్జీ రాసేది వాడే. మొన్న వీఆర్‌సీ సెంటర్లో టీ తాగుతూ "మామా, ఈసారి కార్పొరేటర్‌గా నిలబడతా" అన్నాడు. సంతోషించాను. "నేను గే అని ముందే జనానికి చెప్పేస్తా" అన్నాడు. టీ కొరబోయింది.

నన్ను అపార్థం చేసుకోకండి. వాడు గే అయితే నాకేం అభ్యంతరం లేదు. స్వలింగ సంబంధాల్ని నేరమన్న 377 సెక్షన్ ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల జోలికి పోకూడదని సుప్రీంకోర్టే 2018 సెప్టెంబర్ 6న చెప్పేసింది. నా బాధంతా ఆ 'చెప్పేస్తా' అన్న మాటతోనే. రాజకీయాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు ఒకసారి మొదలైతే ఎక్కడిదాకా పోతుంది?

మనకు కొన్ని పద్ధతులున్నాయి. నాయకుడికి పెద్దిల్లు ఉంటుంది, చిన్నిల్లు ఉంటుంది. చిన్నింటి ముందు ఆగే కారు నంబరు పాలవాడికి కూడా కంఠతా వచ్చు. కానీ నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26లో భార్య గడిలో ఒక్క పేరే పడుతుంది. రొయ్యల గుంటలు బావమరిదివి, రైసు మిల్లు అత్తగారిది. సొంత కారు లేదని సంతకం పెట్టి ఐదు బండ్లతో ఇంటికి వెళతారు. ఊరందరికీ తెలిసిన సంగతి ఎవరూ పైకి అనకపోవడాన్నే మనవైపు మర్యాద అంటారు.

ఇలాంటి చోటికి, అమ్మానాన్నల్ని ఎదురుగా కూర్చోబెట్టి అన్నిటికంటే కష్టమైన మాట చెప్పేసి, ఆర్నెల్లు ఒకే ఇంట్లో పలకరింపు లేకుండా బతికినవాడు వస్తానంటున్నాడు. అంత మాట చెప్పినవాడికి కాలువ కాంట్రాక్టులో ఎవరి వాటా ఎంతో చెప్పడం ఒక లెక్కా? పార్టీ ఆఫీసులో ఈ ముక్క చెప్పగానే పెద్దలందరికీ టెన్షన్ పట్టుకుంది.

"సంసారం లేనోడికి జనం బాధలు ఏం తెలుస్తాయి సామీ" అన్నాడొకాయన. పెళ్లి చేసుకోని వాజ్‌పేయి మూడుసార్లు ప్రధానిగా ప్రమాణం చేశారని గుర్తుచేస్తే, అది వేరు అన్నారు. పిల్లల సంగతి ఎత్తారు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీకి పనికిరారంది. దానికి భయపడి మూడో బిడ్డను తమ్ముడి ఖాతాలో రాయించినవాళ్లు ఉన్నారు గానీ, పిల్లల గొడవే లేని మా కుర్రాడి లాంటివాళ్లను మాత్రం పోటీకి ఎవరూ పిలవలేదు. చివరికి 2024లో ఆ నిబంధననే ఎత్తేశారు.

ఇంకొకాయన ఆడా మగా తేడా తెలియాలి కదా అన్నాడు. ఈ విషయంలో మనం చాలా ముందున్నాం. మహిళలకు కేటాయించిన సీట్లో భార్య గెలుస్తుంది, కుర్చీలో మొగుడు కూర్చుంటాడు, మనం ఆయనకే "సర్పంచ్ గారూ" అని దండం పెడతాం. మగవాడు ఆడమనిషి స్థానంలో కూర్చోవడం ఎవరికీ వింతగా తోచదు. మధ్యప్రదేశ్‌లోని కట్నీలో మహిళా రిజర్వేషన్ కింద మేయర్‌గా నెగ్గిన హిజ్రా కమలా జాన్ విషయంలో మాత్రం తోచింది. ఆమె మహిళ కాదని కోర్టు ఆ ఎన్నికే చెల్లదంది. మన సర్పంచ్ మొగుళ్లు ఆ తీర్పు చదవకపోవడమే అందరికీ క్షేమం.

జనమైనా మన మాట వింటారనుకుంటే అదీ లేదు. పాతికేళ్ల కిందటే మధ్యప్రదేశ్‌లోని సోహాగ్‌పూర్ జనం హిజ్రా షబ్నం మౌసీని ఎమ్మెల్యేని చేశారు. 2015లో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ వాళ్లు మరో హిజ్రా మధు కిన్నర్‌ను మేయర్‌గా గెలిపించారు. అవన్నీ దూరపు ఊళ్లు అనుకుంటుంటే 2022లో పక్కనున్న తమిళనాడులోని వేలూరు కార్పొరేషన్‌లో ట్రాన్స్‌జెండర్ గంగా నాయక్ గెలిచారు, అదీ డీఎంకే టికెట్ మీద. నెల్లూరోళ్లకు వేలూరంటే రోగం ముదిరితే వెళ్లే ఊరు. అక్కడ ఇలాంటి వైద్యం కూడా చేస్తున్నారని ఎవరూ చెప్పలేదు. మన రాష్ట్రంలో 2019లో ట్రాన్స్‌జెండర్ తమన్నా సింహాద్రి మంగళగిరి నుంచి పోటీచేస్తే ఇండిపెండెంట్‌గానే చేయాల్సి వచ్చింది. అదీ పద్ధతంటే.

అమెరికా సంగతి మరీ ఘోరం. ఇలాంటి అభ్యర్థుల కోసం చందాలు పోగుచేయడానికి విక్టరీ ఫండ్ అని 1991 నుంచి ఒక సంస్థే నడుస్తోంది. అంటే జనం అభ్యర్థికి డబ్బిస్తారన్నమాట! మన దగ్గర అభ్యర్థి పార్టీకిస్తాడు, పోలింగ్ ముందు రాత్రి జనానికిస్తాడు. డబ్బు పల్లానికి పారాలి గానీ ఎదురెక్కుతుందా? 377లో ఎవరి మీదో 'ప్రకృతి విరుద్ధం' అనే మాట వాడారు. అది దీనికోసం దాచి ఉంచాల్సింది.

ఇంత చెప్పినా కుర్రాడు వినలేదు. మొహర్రానికి రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర కనపడ్డాడు, మోకాలి లోతు నీళ్లలో. అక్కడ కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, వీసా రొట్టె, అన్నీ చేతులు మారుతున్నాయి. వీడు టికెట్ రొట్టె ఉందా అని అడుగుతూ తిరుగుతున్నాడు. టికెట్ రొట్టె ఇవ్వాలంటే టికెట్ వచ్చినవాడు నీళ్లలోకి దిగాలి. వచ్చినవాళ్లంతా ఒడ్డున షామియానా కింద ఫొటోలు దిగుతున్నారు.

ఒక ముసలమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"అబ్బయా, టికెట్ రొట్టె నా కాడ లేదు గానీ, పింఛన్ రొట్టె ఉంది, తీసుకో. నువ్వు రాసిన అర్జీకి వచ్చిందే."

వాడు రొట్టె పుచ్చుకుని, సగం తుంచి, ఒడ్డున ఉన్న నన్ను చూసి చెయ్యి చాపాడు. "రా మామా, దిగు."

దిగేవాణ్ణే. కండువా తడుస్తుందని ఆగాను.