ఏనుగుకు ఏ సర్కిల్?

హైదరాబాద్ వారసత్వం మరీ కలగాపులగంగా ఉంది. పర్యాటకులు తికమక పడుతున్నారు. ఊరిని రంగురంగుల సర్కిళ్లుగా కోసి పెట్టడానికి నేను సాంస్కృతిక భూగోళ శాస్త్రాన్ని ఆశ్రయించాను.

అందులో ప్రాంతాలు మూడు రకాలు. ఒకే లక్షణం పరుచుకున్నది ఒకటి, ఒక కేంద్రం చుట్టూ పనులూ రాకపోకలూ అల్లుకున్నది రెండోది, జనం మనసులో తప్ప ఎక్కడా గీత లేనిది మూడోది. మూడోదాన్ని మొదటే కొట్టేశాను. నయాపుల్ దాటితే పాతబస్తీ అని ప్రతి ఆటో అన్నా చెప్తాడు, సరే, బోర్డు ఏదీ? బోర్డు లేనిచోట టూరిస్ట్ బస్సు ఎలా ఆపాలి?

మొదటి రకం హాయి. 1591 నాటి చార్మినార్, పక్కన లాడ్ బజార్: గాజుల సర్కిల్, గులాబీ రంగు. పేచీ అంతా రెండో రకంతోనే. 2024లో లక్క గాజులకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, అవి తయారయ్యే చోటునూ మ్యాపులో పెడదామని చూస్తే, ధగధగలాడే షాపుల్లో కాదట, గల్లీల్లోని ఇరుకు గదుల్లోనట. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడగానే సాగదీయాలి, గుండ్రంగా వంచాలి, వేడి ఆరేలోపు ఒక్కో రాయీ అద్దాలి. ఆ ఉక్కలో పర్యాటకులు నిలబడలేరు. కాబట్టి పనివాళ్లను తీసేసి, గాజులు స్వయంభువులని బ్రోచర్‌లో రాశాను.

గోల్కొండకూ మూసీ దక్షిణపు ఒడ్డుకూ దారి కలిపిన 1578 నాటి పురానాపూల్‌ను ఏ సర్కిల్లోనూ వేయలేదు. వంతెన మీద కూరగాయలు అమ్ముతారు. పర్యాటకులు వంకాయలు కొనుక్కుని వెళ్లిపోతే సావనీర్ షాపులు ఏం కావాలి?

అసలు తలనొప్పి ఊరేగింపులది. బోనాలప్పుడు అక్కన్న మాదన్న గుడి అమ్మవారి ఘటం ఏనుగెక్కి చార్మినార్ మీదుగా పోతుంది. మొహర్రంలో డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం కూడా ఏనుగెక్కే బయల్దేరుతుంది, అదీ చార్మినార్ మీదుగానే! ఎవరి సర్కిల్లో వాళ్లు గుండ్రంగా తిరిగితే నా రంగులు కలిసిపోవు కదా. పైగా ఒకప్పుడు జూపార్క్ ఏనుగు రజని రెండు ఊరేగింపుల్లోనూ నడిచింది. ఆ జీవికి ప్రాంతీయ స్పృహ బొత్తిగా లేదు.

ఇకమీదట ఏ ఏనుగైనా ముందే ఒక సర్కిల్ ఎంచుకుని అర్జీ పెట్టుకోవాలి. రెండూ కావాలంటే కాంబో టికెట్, తొండానికి అదనం.