ఫెనర్గాన్ నేరుగా నరానికి వద్దు

వాంతులు కట్టకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఆపరేషన్‌కు ముందు రోగిని కాస్త కుదుటపరచాలన్నా ఆస్పత్రుల్లో వెంటనే చేతికందే మందుల్లో ప్రోమెథజైన్ ఒకటి. వార్డుల్లో అందరికీ తెలిసిన పేరు ఫెనర్గాన్. పాత మందు, చవక మందు, పనిచేసే మందు. చేతికి ఎలాగూ క్యాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) ఉంది కదా అని సిరంజితో నేరుగా అందులోకి ఎక్కించేయడంతోనే వస్తోంది చిక్కు. ఈ అలవాటును పూర్తిగా మానాలని మేము గట్టిగా కోరుతున్నాం.

ఈ మందుకు ఆమ్లగుణం ఉంది; పీహెచ్ 4 నుంచి 5.5 మధ్య ఉంటుంది. రక్తనాళం లోపలి పొరను దెబ్బతీస్తుంది. నరం (సిర) లోంచి పక్క కండలోకి కారినా, పొరపాటున ధమనిలోకి వెళ్లినా నాళాలు బిగుసుకుపోతాయి, రక్తం గడ్డకడుతుంది, వేళ్లు నల్లబడి కుళ్లే దాకా పోవచ్చు. మోచేతి మడతలో నరానికి ఆనుకునే ధమని ఉంటుంది. సిరంజి వెనక్కి లాగితే నల్లటి రక్తం వచ్చింది కాబట్టి నరంలోనే ఉన్నామనుకోవడం ఇక్కడ చెల్లదు. ఈ మందు తగలగానే ధమనిలోని ఎర్రటి రక్తమూ రంగు మారిపోతుంది. అనుభవం ఉన్నవారిని కూడా మోసం చేసే విషయమిది. ఒకసారి ధమనిలోకి వెళ్లాక కచ్చితంగా పనిచేస్తుందని రుజువైన చికిత్స ఏదీ లేదు.

అమెరికాలోని వెర్మాంట్‌లో 2000లో డయానా లెవిన్ అనే సంగీత కళాకారిణికి మైగ్రేన్‌తో వచ్చిన వికారానికి ఇలాగే నరానికి ఇచ్చారు. కండ కుళ్లిపోయే గ్యాంగ్రీన్ సోకి ఆమె ముంజేయి తీసేయాల్సి వచ్చింది. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టుకు చేరి, 2009లో తయారీ సంస్థకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. అదే ఏడాది అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్‌పై అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. 2023 డిసెంబరులో దాన్ని మరింత బిగించింది.

సరైన దారి కండ. తుంటి పైభాగాన బయటివైపు, సూది లోతుగా దిగాలి. చర్మం కిందే మందు ఉండిపోతే అక్కడి కణజాలం చచ్చిపోతుంది. నరానికి ఇవ్వక తప్పకపోతే 50 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి, 20 నుంచి 40 నిమిషాలపాటు, పెద్ద నరంలోకి పంపాలి. చేతి వెనకవైపు, మణికట్టు దగ్గరి నరాలు పనికిరావు. ‘మండుతోంది’ అని రోగి అన్న మరుక్షణం ఆపాలి. ‘కాస్త ఓర్చుకోండి’ అనే మాట ఇక్కడ చేతులనే పోగొడుతుంది. నొప్పి, వాపు కొన్ని గంటల తర్వాత మొదలైనా రోగి తిరిగి రావాలని ముందే చెప్పి పంపాలి.

మోతాదులోనూ ఒక ఉచ్చు ఉంది. మన దగ్గర సాధారణంగా దొరికే 2 మి.లీ. ఆంప్యూల్‌లో 50 మి.గ్రా. ఉంటుంది. పెద్దవారికి మామూలుగా కావాల్సింది 12.5 నుంచి 25 మి.గ్రా. మాత్రమే. అంటే ఆంప్యూల్ మొత్తం లాగితే కనీసం రెట్టింపు పడినట్టే. వృద్ధులకు ఇంకా తగ్గించాలి. రెండేళ్లలోపు పిల్లలకు ఏ రూపంలోనూ ఇవ్వకూడదు. ఊపిరి ఆగిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పెథిడిన్ వంటి నొప్పి మందులతో కలిపి ఇచ్చేటప్పుడు ఆ నొప్పి మందు మోతాదును పావు వంతు నుంచి సగం దాకా తగ్గించాలి, శ్వాసను గమనిస్తూ ఉండాలి. మత్తు ఒక్కోసారి 12 గంటల దాకా ఉంటుంది. ఇంజెక్షన్ వేయించుకున్న మనిషి బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లకూడదు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది మరొకటి. పాముకాటు విరుగుడు మందు ఎక్కుతుండగానో, యాంటీబయాటిక్ ఇచ్చాకనో రోగికి దద్దుర్లతోపాటు ఆయాసం వచ్చి, బీపీ పడిపోతుంటే చాలాచోట్ల ముందుగా అవిల్ (ఫెనర్గాన్ లాంటిదే మరో అలర్జీ మందు), ఒక స్టెరాయిడ్ వేసి చూస్తున్నారు. అవిల్ అయినా ఫెనర్గాన్ అయినా దురదను, దద్దుర్లను తగ్గిస్తుందే తప్ప, మూసుకుపోతున్న గొంతును తెరవదు, బీపీని నిలబెట్టదు. పైగా మత్తు కమ్మితే రోగి పరిస్థితి దిగజారడం బయటికి తెలియదు. అక్కడ ప్రాణం నిలిపేది అడ్రినలిన్. డ్రిప్ ఆపి, 1 మి.లీ.కి 1 మి.గ్రా. ఉండే అడ్రినలిన్‌ను పెద్దవారికి అర మి.లీ. తొడ బయటి కండకు వెంటనే ఇవ్వాలి. తగ్గకపోతే అయిదు నిమిషాలకు మళ్లీ ఇవ్వాలి. పిల్లలకు కిలో బరువుకు 0.01 మి.గ్రా. అవిల్ వంతు ఆ తర్వాతే.

తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఈ విషయంలో చేయగలిగింది ఖర్చులేని పని. కేస్‌షీట్‌లో ఉత్త ‘ఇంజెక్షన్ ఫెనర్గాన్’ అని రాసి వదిలేయకుండా ఎన్ని మి.గ్రా., కండకా సెలైన్‌లోనా అనేది డాక్టరు రాసి తీరాలని ఆదేశించాలి. అలా రాయని మందును వేయకుండా తిప్పి పంపే అధికారం సిస్టర్లకు ఇవ్వాలి. ప్రతి పీహెచ్‌సీలో ఇంజెక్షన్ ట్రేలో అవిల్ పక్కనే అడ్రినలిన్ ఆంప్యూళ్లు, వాటి మీద మోతాదు రాసిన చీటీ ఉండేలా చూడాలి.