పారేసిన బంతికో చట్టం

ఆదివారం మధ్యాహ్నం, టెక్సస్‌లోని ఫ్రిస్కో. మా బావమరిది ఇంట్లో పెసరట్టు చేతిలో ఉండగా టీవీలో వస్తున్న అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పసుపు గుడ్డ ఎగిరింది, అంటే తప్పు పట్టారన్నమాట. క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టులో పాస్‌లు విసిరేవాడు, బంతిని ఎవరూ లేనిచోటికి విసిరాడట. పది యార్డులు వెనక్కి నెట్టారు, ఆ డౌన్ (ముందుకెళ్లే ఒక ప్రయత్నం) కూడా పోయింది. కాసేపటికి ఆ మనిషే మళ్లీ ఎవరూ లేనిచోటికి విసిరాడు. ఈసారి ఎవరూ కిమ్మనలేదు. "అదేంట్రా?" అన్నాను. "ఇప్పుడు ట్యాకిల్ బాక్స్ బయట ఉన్నాడుగా బావా" అన్నాడు మావాడు, ముహూర్తం చెప్పే పంతులుగారంత నమ్మకంగా.

ఆ నేరం పేరు ఇంటెన్షనల్ గ్రౌండింగ్. మీదికొచ్చేవాళ్లకి దొరక్కుండా, అందుకునే అవకాశమే లేనిచోటికి పాస్ విసిరితే తప్పు. కానీ అదే పెద్దమనిషి ట్యాకిల్స్ ఇద్దరూ (తనకి కాపలా కాసే వరసలో రెండు చివర్లవాళ్లు) నిలబడ్డ హద్దు, అదే ట్యాకిల్ బాక్స్, దాటి పక్కకొచ్చి, బంతి కనీసం లైన్ ఆఫ్ స్క్రిమేజ్ (ఆ డౌన్ మొదలైన గీత) దాకా వెళ్లేలా పారేస్తే, కామెంటేటర్లు "ఎంత తెలివైన నిర్ణయం!" అని మురిసిపోతారు. స్నాప్ అందగానే, అంటే బంతి చేతికి రాగానే, దాన్ని కాళ్ల ముందు నేలకేసి బాదితే అది స్పైక్. గడియారం ఆపడానికి కాబట్టి దర్జాగా చెల్లుతుంది. కాస్త ఆగి, ఆలోచించి బాదితే మాత్రం నేరం. ఆలోచించకుండా పారేసేవాడే ఉత్తముడన్న మాట.

ఇంకో వెసులుబాటుంది. బంతి పడినచోట పాస్ అందుకునే హక్కున్న మనవాడొకడు, అంటే రిసీవర్, ఉంటే చాలు. వాడు అటు తిరిగి ఎవరినో తోస్తూ ఉండొచ్చు, బంతి సంగతే వాడికి తెలియకపోవచ్చు. వాడి బూటు పక్కన బంతి పడుతుంది. చారల చొక్కాలవాళ్లు ఏడుగురూ రచ్చబండ దగ్గర పెద్దల్లా గుమిగూడతారు. "అబ్బాయి దగ్గర్లోనే ఉన్నాడా?" "ఉన్నాడు." "దగ్గరంటే ఎంత?" మా ఊళ్లో దారి అడిగితే "ఇక్కడే, దగ్గరే" అని చెప్పి రెండు కోసులు నడిపించేవాళ్లు. ఆ కొలబద్దే ఇక్కడికీ వచ్చినట్టుంది. డెబ్బై వేలమంది నిలబడి చూస్తుంటారు. వాడు కావాలనే పారేశాడని పాప్‌కార్న్ అమ్మే కుర్రాడికి కూడా తెలుసు. పెద్దలు తల పంకిస్తారు. రిఫరీ మైకు నొక్కి గంభీరంగా చెబుతాడు: ఆ ప్రాంతంలో రిసీవర్ ఉన్నాడు, గుడ్డ వెనక్కి తీసుకుంటున్నాం.

ఈ శాస్త్రంలో ఎంత లోతుందో తెలియాలంటే ఒకప్పటి పేట్రియట్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీని చూడాలి. 2002 జనవరి 19, ఫాక్స్‌బరోలో మంచు కురుస్తోంది. రెండు నిమిషాల ఆట కూడా మిగల్లేదు, ఎదుటి జట్టు రైడర్స్ 13-10తో ముందున్నారు. వాళ్ల చార్లెస్ వుడ్సన్ వచ్చి గుద్దాడు, బ్రాడీ చేతిలోంచి బంతి జారి మంచులో పడింది, రైడర్స్ దాన్ని పట్టేసుకున్నారు. మా అమ్మమ్మ చూసినా "పడేశాడు" అనే అంటుంది. కానీ రీప్లే చూసొచ్చిన రిఫరీ తీర్పు: అది ఫంబుల్ (బంతి జారవిడవడం) కాదు, పూర్తికాని పాస్! చెయ్యి ముందుకి కదిలింది కాబట్టి, బంతిని తిరిగి ఒంటికి లాక్కుంటుండగా జారినా పాస్ కిందే లెక్క. దాని పేరు టక్ రూల్. పేట్రియట్స్ 16-13తో గెలిచి, ఆ ఏడాది లీగ్ ఫైనల్ సూపర్ బౌలూ ఎత్తుకెళ్లారు.

పదేళ్లు గడిచాయి. 2012 ఫిబ్రవరి 5, సూపర్ బౌల్. పేట్రియట్స్ చేతికి బంతి వచ్చిన మొదటి డౌన్‌లోనే, తన ఎండ్ జోన్‌లో (మైదానం చివరి పట్టీలో) నిలబడి బ్రాడీ నిజంగానే, శుభ్రంగా, మైదానం మధ్యకి దూరంగా బంతిని విసిరాడు. అక్కడ ఎవరూ లేరు. గ్రౌండింగ్, అదీ సొంత ఎండ్ జోన్‌లో కాబట్టి సేఫ్టీ, అంటే ఎదుటి జట్టు జెయింట్స్‌కి ఊరికే రెండు పాయింట్లు. చేతిలోంచి జారి కాళ్ల దగ్గర పడితే పాస్, కండబలంతో అంత దూరం విసిరితే నేరం! టక్ రూల్‌ని 2013లో ఎత్తేశారు. రైడర్స్ ఆ మంచులో పోగొట్టుకున్నది మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఇదంతా నవ్వులాటే, ఒప్పుకుంటాను. కానీ ఈ ఫార్వర్డ్ పాస్, అంటే బంతిని ముందుకి విసరడం, ఎందుకొచ్చిందో తెలుసా? 1905లో కాలేజీ కుర్రాళ్లు ఆ కుమ్ములాటల్లో చచ్చిపోతుంటే, ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దల్ని వైట్ హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. 1906లో పాస్‌ని ఒప్పుకున్నారు. పిల్లలు బతకడానికి పెట్టిన రూల్ అది. అందరు పిల్లలూ.

ఇప్పుడు? 2018లో, పాసర్ (బంతి విసిరేవాడు) మీద ఒంటి బరువంతా వేసి పడకూడదన్న రూల్‌ని గట్టిగా పట్టుకున్నారు. ఆ సెప్టెంబర్‌లో డాల్ఫిన్స్ ఆటగాడు విలియం హేస్, క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడుతూ తన బరువు అతని మీద పడకుండా ఒళ్లు మెలితిప్పబోయాడు. కాలు నేలలో ఇరుక్కుని మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ అయిపోయింది. అతని కోచే చెప్పాడీ మాట. నూట ఇరవై కిలోల మనిషి పరుగెత్తుకొచ్చి గాల్లో ఉండగా తన బరువెక్కడ పెట్టుకోవాలయ్యా? జేబులోనా? ఒకడి ఎముక బంగారం, ఇంకొకడి మోకాలు మట్టా? ఈ రూల్ రాసినవాళ్లలో ఒక్కడైనా అలా పరుగెత్తి, గాల్లో మెలితిరిగి పడి చూపించమనండి. సిగ్గుండాలి.

"బీపీ పెంచుకోకు బావా, ఇంకో అట్టు వేసుకో" అన్నాడు మావాడు. టీవీ కట్టెయ్యమని రిమోట్ విసిరేశాను. సోఫా దాటి, కిటికీ కింద ఎక్కడో పడింది.

"అక్కడ ఎవరూ లేరు బావా."

"నేను సోఫా బయట ఉన్నాను, చూస్కో" అన్నాను.