ఫ్రాంక్లిన్ గారి జర్మన్ లెక్క

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటి మేధావి వేసిన లెక్కలో తప్పులు వెతికే తాహతు మనకెక్కడిది! అందుకే 1753లో ఆయన లండన్‌లోని మిత్రుడు పీటర్ కాలిన్సన్‌కు రాసిన ఉత్తరాన్ని భక్తిగానే చదువుదాం. పెన్సిల్వేనియాకు వలస వచ్చే జర్మన్లు సాధారణంగా తమ జాతిలోకెల్లా చదువురాని మొద్దులట. పైగా ఈ మొద్దులు జర్మనీ నుంచి బోలెడు పుస్తకాలు తెప్పించుకుంటున్నారట! పెన్సిల్వేనియాలో ఉన్న 6 అచ్చుకూటాల్లో 2 పూర్తిగా జర్మన్‌వి, 2 సగం సగం, అచ్చంగా ఇంగ్లీషువి 2 మాత్రమే. ఇన్ని పుస్తకాలు చదివేవాళ్ళు మొద్దులెలా అయ్యారో అడగకండి, అది పెద్దల లెక్క.

వీధిలో బోర్డులనూ వదల్లేదాయన. కొన్ని రెండు భాషల్లో, కొన్నిచోట్ల జర్మన్‌లోనే ఉన్నాయని వాపోయారు. ఏడాది కిందటే గాలిపటంతో మెరుపును లొంగదీసిన మహానుభావుడు ఇప్పుడు రొట్టెల కొట్టు బోర్డు ముందు నిలబడి చెమట తుడుచుకుంటున్నారు. కొట్టువాడు లోపల హాయిగా పిండి కలుపుకుంటున్నాడు. ఇద్దరిలో మొద్దు ఎవరో మీరే చూసుకోండి.

1732లో అమెరికాలో మొట్టమొదటి జర్మన్ పత్రిక పెట్టిందీ ఈయనే. జర్మన్ల కళ్ళకు అలవాటైన ఫ్రాక్టూర్ అక్షరాలు లేక రోమన్ అక్షరాల్లో వేశారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చదివి కళ్ళు కాయలు కాచిన మనకు ఆ పాఠకుల బాధ వివరించనక్కర్లేదు. పత్రిక ఆ ఏడాదే మూతపడింది. ఆ తర్వాత కూడా జర్మన్ అచ్చుపనిలో ఆయన పెట్టుబడి ఉండేది. డబ్బుకు మాత్రం భాషాభేదం లేదు మరి.

క్రిస్టఫర్ సౌవర్ అనే జర్మన్ వలసదారు పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో 1738లో అచ్చుకూటం పెట్టాడు, మరుసటి ఏడు పత్రిక తెచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అక్షరాలు తెప్పించి 1743లో పన్నెండు వందల పేజీలు దాటిన బైబిలును 1,200 ప్రతులు వేశాడు. ఆ గడ్డ మీద ఇంగ్లీషు బైబిలు పూర్తిగా అచ్చయింది 1782లో! మొద్దులట! వాళ్ళ డబ్బు కావాలి, వాళ్ళ చందాలు కావాలి, వాళ్ళ భాష మాత్రం బోర్డు మీద కనబడితే కళ్ళల్లో నిప్పులు. ఇది మేధావితనం కాదు, శుద్ధ అహంకారం.

జర్మన్లను ‘బూర్’లు, అంటే మోటువాళ్ళు, అన్న ఆయన పాత వ్యాసాన్ని 1764 పెన్సిల్వేనియా శాసనసభ ఎన్నికల్లో ప్రత్యర్థులు తవ్వితీశారు. ‘బూర్’ అంటే రైతు అనే అర్థమని ఆయన పక్షం సర్దిచెప్పబోయింది. రైతులు నమ్మలేదు. శాసనసభలో ఆయన స్థానం పోయింది.