గొంతు అరువుది, మౌనం మాత్రం సొంతం

మన సీరియల్స్‌లో వాగుడు ఎక్కువ, మౌనం తక్కువ అంటారు చాలామంది. నాకట్టా అనిపించదు. అత్త ఒక్క మాట అంటే చాలు, ఇంట్లో ఉన్న ఎనిమిది మంది మొహాల మీదికీ కెమెరా వరసగా పోద్ది, ఢాం ఢాం అని సౌండు, మళ్ళీ మొదటి మొహం, ఈలోగా యాడ్స్. ఎవురూ నోరు తెరవరు. కానీ అది మౌనం కాదబ్బా, టైం నింపడం. వారానికి ఆరు రోజులు ఎపిసోడ్ ఇచ్చుకోవాలంటే ఇంకేం చేస్తారు పాపం.

ప్రేమకథలో మౌనం వేరే సంగతి. స్టార్ మాలో 2020 నుంచి 2024 దాకా వచ్చిన గుప్పెడంత మనసునే తీసుకోండి. రిషి కాలేజీకి ఎండీ, వసుధార అదే కాలేజీలో చదువుకునే పిల్ల. వీళ్ళది ప్రేమ అని చూసేవాళ్ళకి ఎప్పుడో తెలిసిపోయింది, వాళ్ళ నోట్లోంచి మాత్రం ఎంతకీ రాలా, ఆమె 'సర్' అనడం మానలా. కన్నతల్లి జగతినే 'మేడమ్' అని పిలిచే మనిషి ప్రేమిస్తున్నా అని టక్కున ఎట్టా అనేస్తాడు? నోరు కట్టేసే కారణం కథలోనే ఉంది. అందుకే అతను ఫైల్లోంచి తల ఎత్తకపోయినా, ఆమె తలుపు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ నిలబడినా మనకి ఏదో అర్థమైపోయేది. కారణం లేని మౌనానికి ఎంత వయొలిన్ వాయించినా ఏం రాదు.

ఇంకోటి, దీన్ని ఎవురూ పెద్దగా పట్టించుకోరు. మన సీరియల్ హీరోయిన్లలో, హీరోల్లో కూడా, చాలామంది కన్నడ వాళ్ళు, కొంతమంది మలయాళం వాళ్ళు. తెలుగు సరిగా రానివాళ్ళకి సెట్లో పక్కనుంచి డైలాగ్ గట్టిగా అందిస్తా ఉంటారు, దాన్ని ప్రాంప్టింగ్ అంటారు, వీళ్ళు విని పెదాలు కదిలిస్తారు, తర్వాత ఇంకెవరో డబ్బింగ్ చెప్తారు. డైలాగ్ ఉన్న షాట్‌లో చెవి ప్రాంప్టర్ మీద, గొంతు ఇంకొకరిది, యాక్టర్‌కి సొంతంగా మిగిలేది ఎంత? అదే మాట లేని షాట్ అనుకోండి, కళ్ళు, భుజాలు, చెయ్యి వెనక్కి తీసుకోవడం, అంతా ఆ మనిషిదే. నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు, అంటే లోపలి భావం ఒంటి మీద బయటపడే గుర్తులు, ఎనిమిది చెప్పారు కదా, అందులో గొంతు మారడం డబ్బింగ్ ఆర్టిస్టు చేతిలో పని, రంగు మారడం అంత మేకప్పు కింద కనపడదు, మిగిలిన కొయ్యబారడం, వణకడం, కన్నీళ్ళు లాంటి వాటితోనే నెట్టుకు రావాలి. ఆ కన్నీళ్ళకి కూడా గ్లిజరిన్ ఉంది, వదిలేయండి.

మరి అంత మంచి షాట్ పడితే దాని మీద 'ఈయన ఎందుకిలా చూస్తున్నాడు, నాకెందుకు గుండె దడదడలాడుతోంది' అని మనసులో మాట ఎందుకు వేస్తారు? ముందు నాకు ఒళ్ళు మండేది. తర్వాత నెల్లూరులో సాయంత్రం పూట ఏ ఇంట్లోకైనా పోయి చూస్తే సంగతి తెలుస్తది. టీవీ హాల్లో, చూడాల్సినామె వంటింట్లో. చేపల పులుసు పొయ్యి మీద పెట్టి పిన్నమ్మ సీరియల్ వింటా ఉంటది, చూడదు. మాట ఆగిందంటే 'ఏందమ్మే, సౌండ్ తగ్గిచ్చినావా?' అని లోపల్నుంచి కేక. ఛానల్ వాళ్ళకి ఆమె కావాలి, మౌనం అంటే భయం. కొరియన్ డ్రామాకి ఈ బాధ లేదు, 2019లో మొదలైన క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ మొత్తం 16 ఎపిసోడ్లే, హాస్టల్లో పిల్లలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్ మొహానికి ఆనించుకుని చూస్తారు, అందులో కన్ను కదిలినా లెక్కే. మనది వెయ్యి ఎపిసోడ్లు దాటే సరుకు.

అయినా చూపు చాలదు అనుకోవడం మన ఊరికి తగదు. తిక్కన సోమయాజి ఇక్కడివాడే. ఆయన భారతంలో, విరాటుడి కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు భీముడు ఒక్క మాటా అనడు, దగ్గర్లో ఉన్న చెట్టు వైపు చూస్తాడు. దాన్ని పీకి ఏం చెయ్యబోతాడో ధర్మరాజుకి అర్థమైపోద్ది, ఆపుతాడు. అక్కడ భీముడికి మనసులో మాట రాసిపెట్టలా ఎవురూ.

గుప్పెడంత మనసులోనే చివర్లో రిషి మొహంతో రంగా అని ఆటో డ్రైవర్ వచ్చాడు, నేను రిషిని కాదు అంటాడు, వసుధార నమ్మదు. కథగా అదంతా సాగదీతే, కాదనను. కానీ జనం ఆ రోజుల్లో చేసిన పని గమనించండి: డైలాగుల్ని పక్కనపెట్టి, ఎట్టా నిలబడుతున్నాడు, ఆమె ఎదురొస్తే కళ్ళు ఎటు తిప్పుతున్నాడు అని చూస్తా కూర్చున్నారు. ఆ కొన్నాళ్ళూ పొయ్యి కట్టేసి హాల్లోకొచ్చి చూసినవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు.