దేవత ఇంటిపేరు తగిలించుకున్న సెర్వీసియమ్మ గారికి

మహాలక్ష్మీ సమానురాలైన సెర్వీసియమ్మ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

లాటిన్‌లో బీరుకు పేరుగా మీరు చాలా కాలం చలామణీ అయ్యారు. ఇప్పుడు స్పెయిన్‌లో ‘సెర్వేసా’గా, పోర్చుగల్‌లో ‘సెర్వేజా’గా క్షేమంగానే ఉన్నారు, సంతోషం. నా పేచీ అంతా మీ వంశవృక్షంతోనే.

మీ పుట్టిల్లు గాల్ దేశం, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం. కెల్టిక్ భాష మాట్లాడుకునే రైతుల ఇల్లు. వేల్స్‌లో ‘కూరూ’ అని పిలిపించుకునే బీరు మీకు దగ్గరి చుట్టమే. అలాంటి మీ గురించి 7వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ బిషప్ ఇసిడోర్ గారు ఏం రాశారు? రోమన్ల పైర్ల దేవత సెరీస్ పేరు మీదుగా మీరు వచ్చారట! మొదటి అక్షరాలు కలిశాయి కదా, ఇక సాక్ష్యం ఎందుకు? మన స్థలపురాణాలు అల్లినవాళ్ళు ఇంతకంటే కాస్త ఎక్కువే కష్టపడ్డారు. మీరేమో నోరు మెదపలేదు. అడక్కుండా వచ్చిన గోత్రాన్ని ఎవరు మాత్రం కాదంటారు లెండి.

నిజానికి రోమన్ దొరలకు మీ మొహం చూస్తేనే చిరాకు. బార్లీనో గోధుమనో చెడగొట్టి వైన్ పోలిక తెప్పించిన ద్రవం అని జర్మన్ల తాగుడు గురించి చరిత్రకారుడు టాసిటస్ తేల్చేశాడు. జూలియన్ చక్రవర్తి ఏకంగా పద్యం కట్టి, వైన్‌ది అమృతపు వాసన, బీరుది మేక వాసన అన్నాడు. ప్రకృతి విశేషాల మీద పెద్ద గ్రంథం రాసిన ప్లీనీ ఒక్కడే కాస్త నయం. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి, ఇలాంటి వాటి నురగ ఆడవాళ్ళ ముఖానికి మంచిదని బ్యూటీ పార్లర్ సలహా ఒకటి పడేశాడు. క్రీ.శ. 301లో డయోక్లెటియన్ చక్రవర్తి ధరల పట్టిక ప్రకటిస్తే, దాదాపు అర లీటరు మామూలు వైన్‌కు 8 దినారాలు (రోమన్ నాణేలు), మీకు 4. సగానికి సగం!

మరి అంత గీర ఉన్నవాళ్ళ సైన్యం మాటేమిటి? ఉత్తర బ్రిటన్‌లో విండోలాండా అనే కోట ఉంది. అక్కడి మట్టిలో క్రీ.శ. 100 ప్రాంతపు ఉత్తరాలు దొరికాయి, పల్చటి చెక్క రేకుల మీద సిరాతో రాసినవి. వాటిలో ఒకటి మాస్క్లస్ అనే దళనాయకుడు తన పై అధికారి సెరియాలిస్‌కు రాసుకున్నది. రేపు మేమందరం వెనక్కి రావాలా, సగం మందే రావాలా, ఆదేశం ఇవ్వండి అని బుద్ధిగానే అడిగాడు. కాకాకు లోటు చెయ్యలేదు, అధికారిని ‘రాజుగారూ’ అనే సంబోధించాడు. చివర్లో అసలు సంగతి బయటపెట్టాడు: మా కుర్రాళ్ళకు సెర్వేసా అయిపోయింది, పంపించమని చెప్పండి. ఆ వాక్యంలో క్రియాపదం కూడా తప్పు రాశాడు పాపం. గొంతు ఎండిపోతుంటే వ్యాకరణం ఎవడిక్కావాలి? ఆ కోట లెక్కల్లోనే అట్రెక్టస్ అనే బీరు కాచేవాడి పేరూ ఉంది. అతని వృత్తిపేరు కూడా మీ పేరులోంచే పుట్టింది.

తరవాత మీకు కష్టాలు వచ్చాయనుకోండి. ఫ్రాన్స్‌లో ‘సెర్వ్వాజ్’గా దర్జాగా బతుకుతుంటే, ఉత్తరాది నుంచి ‘బియేర్’ వచ్చి మిమ్మల్ని పక్కకు నెట్టేసింది. రోమ్ నగరంలోనే ఇవాళ ‘బిర్రా’ అంటే తప్ప సీసా రాదు. అది కూడా జర్మన్ సరుకే.

కానీ మీరు సామాన్యులా! 1838లో మేయెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బీరు ఈస్టుకు ‘శాకరోమైసిస్ సెరివిసియే’ అని పేరు పెట్టాడు. మీ పేరు శాస్త్రంలోకి ఎక్కింది. మా ఇంటర్ బైపీసీ పిల్లలు పరీక్షలో ఆ రెండు ముక్కల కింద విడివిడిగా గీత గీయాలని టెన్షన్ పడేది మీ వల్లే. బ్రెడ్డు పొంగించేదీ ఆ ఈస్టే. అన్నట్టు, జూలియన్ గారు అమృతమన్న ఆ వైన్‌ను కూడా ముఖ్యంగా పులియబెట్టేది అదే. ఆ సంగతి ఆయనకు మీరే చెబుతారా, నన్ను రాయమంటారా?

ఇట్లు,
ఒక పాత బైపీసీ విద్యార్థి